మత్తడి దూకిన నీళ్లు ఎటు పోతాయి?

 

మల్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి వచ్చి ఈరోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు రేపు నగరాల డిజిటల్ నమూనాల మీద పనిచేస్తారు. సింగపూర్ తన నగరం మొత్తానికి త్రీడీ నమూనా కడతానని 2014లో ప్రకటించింది. 2018లో అమరావతికి డిజిటల్ ట్విన్, అంటే అలాంటి నమూనా, చేస్తామని షికాగో సంస్థ సిటీజెనిత్ ముందుకొచ్చింది. కొత్తగా కట్టే నగరానికి నమూనా తయారుచేయడం తేలిక. అసలు పరీక్ష మన పాత పట్టణాల దగ్గరే ఉంది.

2021 సెప్టెంబరులో సిరిసిల్లను వరద ముంచెత్తింది. మళ్లీ అలాంటి వాన పడితే నీళ్లు ఏ గల్లీలోకి వస్తాయో ముందే చెప్పే నమూనా కావాలనుకుందాం. చెరువు శిఖం హద్దులు నీటిపారుదల శాఖ దగ్గర, మోరీలు మున్సిపాలిటీ దగ్గర, సర్వే నంబర్లు రెవెన్యూ దగ్గర ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ల లెక్క సిరిసిల్లలో 1970 నాటి సహకార విద్యుత్ సంఘం 'సెస్' దగ్గర ఉంటే, పక్కనున్న జగిత్యాలలో విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ దగ్గర ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో మల్యాల కరీంనగర్ జిల్లాలో కనిపిస్తుంది, ఎందుకంటే జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు పుట్టింది 2016 అక్టోబర్ 11న. ఇంగ్లీషులో ఒక దస్త్రం ఈ ఊరిని మల్లియాల్ అంటే, ఇంకొకటి మల్యాల్ అంటుంది. కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు.

నేల ఎత్తుల సంగతి చూడండి. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఉపగ్రహం ఇచ్చిన ఎత్తుల పటం దొరుకుతుంది. అందులో ఒక్కో గడి 30 మీటర్లు. మూడడుగుల మోరీ ఆ గడిలో ఆనవాలు లేకుండా కలిసిపోతుంది. మత్తడి దూకిన నీళ్లు ఎవరి గడప ఎక్కుతాయో తేల్చేది మాత్రం ఆ మోరీయే. ఎవరో ఒకరు గల్లీలో నిలబడి, టేపు పట్టి, దాని లోతు కొలిచి ఎక్కించాలి. ఏ తూము ఎప్పుడు తెరుస్తారో, ఏ కాలువ ఎక్కడ పూడిందో చెరువు కాడ నీరటికి తెలుసు. ఆయన మాట ఏ దస్త్రంలోనూ లేదు. అది కూడా నమూనాలోకి రావాల్సిన సమాచారమే అంటాను నేను. భవనాలను, రోడ్లను, నేలను ఒకే పద్ధతిలో రాసుకోవడానికి సిటీజీఎంఎల్ ప్రమాణం 2008 నుంచే ఉంది. మన కొరత సాఫ్ట్‌వేర్ కాదు, ఆఫీసుల మధ్య రాకపోకలు.

జనాన్ని అడగకుండా గీసిన పటం నిలవదు. జగిత్యాల మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు వేరే జోన్లలో పడ్డాయని చూసి రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోక తప్పలేదు. పటం మీద ఒక రంగుగా కనిపించేది ఒక ఇంటి తిండిగింజలని ఆ రైతులు గుర్తుచేశారు.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఎక్కించే ప్రతి లెక్క పక్కన అది ఎవరు, ఏ తేదీన కొలిచారో రాయండి. మీ నమూనాను ఆ వీధివాళ్లకు తెలుగులో చూపించి, తప్పులు పట్టమనండి. ఉద్యోగం ఎక్కడొచ్చినా, వచ్చే వానాకాలంలోపు మీ ఊరి చెరువు, దాని కాలువలు, దిగువనున్న ఇళ్లు కొలిచి ఒక్క పటంలో పెట్టండి. దాన్ని మీ పంచాయతీకి, మున్సిపాలిటీకి అందజేయండి.