పసిపిల్లల ఒంటికి ఆకుపసరు, నూనెలు

పిల్లవాడికి పొక్కులు లేస్తే వేపాకు, పసుపు నూరి రాయడం మన ఇళ్లల్లో అలవాటే. "చెట్టు మందే కదా, ఏం చేస్తుంది?" అంటారు. జిల్లేడు పాలు కూడా చెట్టువే! తగిలితే ఒళ్లు పొక్కుతుంది, కంట్లో పడితే చూపు మసకబారుతుంది.

వేపనూనె విషయం గట్టిగా చెప్పాలి. వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, మెదడు, కాలేయం దెబ్బతిన్నట్లు 1981లోనే మలేషియా వైద్యులు రాశారు. మనం ఒంటికి రాసినా, ఏడాది రెండేళ్ల పిల్లలు వేళ్లు చీకి మింగుతారు. సీసా వాళ్లకు అందనివ్వకండి. నోట్లో ఒక్క చుక్క కూడా వేయకండి.

జలుబుకు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి ఛాతీకి రాయడం ఇంకా మానలేదు. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. మర్దనకు ఉత్త కొబ్బరినూనె చాలు.

అంగట్లో కొన్న 'హెర్బల్' క్రీమైనా సరే, ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. ఎర్రబడితే మానండి. పగిలిన చర్మం మీద, చీము పట్టిన పుండు మీద ఏ పసరూ వద్దు. ఇక గజ్జి అయితే ఇంటిల్లిపాదీ ఒకేసారి డాక్టరు ఇచ్చిన మందు రాసుకోవాలి.

పిల్లలు నూనె మింగితే కక్కించకండి. 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా వెంట తీసుకురండి.