గోడ మీద రెండు ఎర్ర మరకలు



మా అయ్యవారి స్మారకోపన్యాసానికి టీవీ దయ్యాల చరిత్ర ఎంచుకున్నానని తెలిసి కొందరు మొహం చిట్లించారు. అయ్యవారైతే నవ్వేవారు. చిన్నప్పుడు మమ్మల్ని ఇక్కడి లేపాక్షి గుడికి తీసుకొచ్చి, కల్యాణ మండపం దగ్గరి గోడ ముందు నిలబెట్టారు. గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి విసిరికొట్టింది ఇక్కడేనని గైడు రెండు ఎర్ర మరకలు చూపిస్తున్నాడు. అయ్యవారు వంగి నా చెవిలో అడిగారు: "నిన్ను భయపెడుతున్నది మరకా, గైడు గొంతా?" ఇరవై ఏళ్లుగా నేను వెతుకుతున్నది ఆ ప్రశ్నకు జవాబే.

విరూపణ్ణ కథ, విజయనగర రాజు అచ్యుతరాయల ఆగ్రహం మీకు నేను చెప్పేదేముంది. ఒక్కటి మాత్రం గమనించండి. సాక్ష్యంగా ఒక మరక, దాన్ని చూపించే గొంతు, సగంలో ఆగిపోయిన మండపం. 'ఎవరిదో కెమెరా అడవిలో దొరికింది, అందులో ఉన్నది ఇదీ' అంటూ మొదలయ్యే సినిమాలకు కావలసిన సరుకంతా ఇదే. అవీ సగంలోనే తెగిపోతాయి.

నిజమని నమ్మించే ఇలాంటి కల్పనల చరిత్ర రాసేవాళ్లంతా 1938 అక్టోబర్ 30తో మొదలుపెడతారు. ఆర్సన్ వెల్స్ రేడియో నాటకంలో అంగారకవాసులు దిగితే అమెరికా మొత్తం వీధినపడిందట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రాత్రి ఐదు వేల ఇళ్లకు ఫోన్ చేసి అడిగిన సర్వేలో ఆ నాటకం వింటున్నది నూటికి ఇద్దరే. అదే సమయానికి ఇంకో స్టేషన్లో ఎడ్గర్ బెర్గన్ బొమ్మను మాట్లాడిస్తుంటే జనం అటున్నారు. ప్రకటనల డబ్బు రేడియోకు పోతోందని ఉడికిపోతున్న పత్రికలు నాలుగు కబుర్లను నలభై చేశాయి. 1940లో హ్యాడ్లీ కాంట్రిల్ పుస్తకం రాసి దానికి పండిత ముద్ర వేశాడు. బెదిరినవాళ్లు అసలు లేరని నేననను. దేశం పరుగెత్తిందంటే మాత్రం ఒప్పుకోను. ఒక సెమినార్లో దీనిమీద వాదిస్తూ భోజనం చల్లార్చుకున్నాను, అవతలాయన మాత్రం కడుపునిండా తిన్నాడు.

నా లెక్కలో అసలు రోజు 1992 అక్టోబర్ 31. ఆ శనివారం రాత్రి బీబీసీలో 'ఘోస్ట్‌వాచ్' వచ్చింది. రచన స్టీఫెన్ వోక్, దర్శకత్వం లెస్లీ మానింగ్. లండన్ శివారు నార్తోల్ట్‌లో దయ్యం ఉన్న ఇంటి నుంచి ప్రత్యక్ష ప్రసారమన్నట్టు నడుస్తుంది, నిజానికి ముందే తీసి పెట్టుకున్న నాటకం. స్టూడియోలో కూర్చున్నది మైకేల్ పార్కిన్సన్, ఇంటిల్లిపాదికీ తెలిసిన మనిషి. దయ్యం ఇంట్లోకి వెళ్లింది పిల్లల కార్యక్రమాల సారా గ్రీన్. ఆమె భర్త మైక్ స్మిత్ స్టూడియోలో ఫోన్ల దగ్గర.

ఆ కర్టెన్ దృశ్యం ఎన్నిసార్లు చూశానో. పడకగదిలో కర్టెన్ పక్కన ఎవరో నిలబడ్డారని ఒక ప్రేక్షకుడు ఫోన్ చేస్తాడు. టేపు వెనక్కి తిప్పుతారు. ఒకసారి ఆకారం ఉన్నట్టే ఉంటుంది. మళ్లీ తిప్పితే ఉత్త కర్టెన్. తన కళ్లనే తాను నమ్మలేని స్థితికి చూసేవాణ్ణి తెచ్చి వదిలారు. తెర మీద ఇచ్చిన నంబర్ నిజమైనదే. ఇది కల్పితమని ఫోన్ చేసినవాళ్లకు చెప్పే ఏర్పాటు కూడా ఉంది, కానీ లైన్లు కిక్కిరిసి చాలామందికి ఆ మాట అందలేదు. మొదట్లోనే రచయిత పేరు పడింది. ఎవరు చదివారు? పార్కిన్సన్ చెబుతున్నాడుగా! చూసినవాళ్లు కోటి పైనే. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్, ఈ కార్యక్రమం చూసి జబ్బుపడిన ఇద్దరు పదేళ్ల పిల్లల గురించి ప్రచురించింది. బీబీసీ దాన్ని మళ్లీ ప్రసారం చేయలేదు.

ఆ దశాబ్దంలోనే మన తలుపుల మీద దయ్యాన్ని వెనక్కి పంపే 'ఓ స్త్రీ రేపు రా' వెలిసింది, సరిహద్దు దాటితే కన్నడంలో 'నాళె బా'. కెమెరా లేదు, టీవీ లేదు, ఎదురింటి తలుపే సాక్ష్యం. మా తలుపు మీద సుద్దముక్కతో రాసింది నేనే. రావత్తు వదిలేసి 'స్తీ' అని రాశాను. అటుగా వచ్చిన అయ్యవారు దాన్ని చెరపలేదు, సుద్ద అడిగి తీసుకుని రావత్తు పెట్టి వెళ్లిపోయారు.

చీటీ వచ్చింది, టైమైందట. తర్వాతివి గబగబా చెప్పేస్తాను. 1999లో 'బ్లెయిర్ విచ్' సినిమా విడుదలకు ముందే టీవీలో దాని ఉత్తుత్తి డాక్యుమెంటరీ వేశారు. 2012లో యానిమల్ ప్లానెట్ చానెల్ మత్స్యకన్య కళేబరం దొరికిందంది. 2013లో మన పక్కనే కన్నడంలో '6-5=2' వచ్చింది, ట్రెక్కింగుకు పోయినవాళ్ల కెమెరా కథ. ఇక అర్ధరాత్రి పాడుబంగళాలో ఆకుపచ్చ వెలుతురులో వణికే న్యూస్ చానెల్ రిపోర్టర్లను మీరు చూస్తూనే ఉన్నారు.

రేపు పొద్దున గుడికి వెళ్లేవాళ్లు ఆ గోడ దగ్గర ముందు గైడు లేకుండా ఒకసారి నిలబడండి. తర్వాత ఆయన్ను పిలవండి.