లినక్సు ముంగిట

కడప అనగా గడప అని పెద్దలు చెప్పుదురు. తిరుమలకు పోవువారికి దేవుని కడప తొలి గడప. నేడు నేను ముచ్చటింపబోవునది ఒక యంత్రపు గడపను గూర్చి. కంటికి చూపవలసిన దానిని మాటలతో చెప్పుట కష్టమే, అయినను యత్నించెదను.

కర్నూలు జిల్లాలో ఒక పల్లె బడియందు నా మిత్రుడు ఉపాధ్యాయుడు. అచ్చట నాలుగు పాత కంప్యూటరులు కలవు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు రక్షణ సవరణలు నిలిచినవి. విండోస్ 11 ఆ యంత్రములను అంగీకరింపలేదు. వానలేని యేట క్రొత్తవి కొనుటకు పైకమెక్కడిది? మిత్రుడు వానిలో లినక్సును పెట్టెను. మరునాడే జాబు వచ్చినది: "తెర నున్నగా నున్నది, ఒక్క బొమ్మయైనను లేదు. చెడగొట్టితినేమో!"

చెడలేదు. లినక్సు అనునది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లోపలి యంత్రాంగము. 1996 నాటి కేడీఈ, 1997 నాటి గ్నోము మున్నగునవి దానికి ముఖములు. సుంకేసులవద్ద బయలుదేరిన కె.సి. కాలువ నీరొక్కటే, పారు మళ్లు వేరు. మిత్రుడు పెట్టుకొన్నది గ్నోము.

అందు కీలకమెల్ల ఒక్క మీటలో నున్నది. కంట్రోలు, ఆల్టు మీటల నడుమ విండోస్ గుర్తు గల మీటను లినక్సువారు సూపర్ అందురు. దానిని ఒకసారి నొక్కుడు. తెరచిన పనులన్నియు చిన్నవై ఎదుట నిలుచును. దిగువ అనువర్తనముల వరుస వచ్చును. పేరులో రెండక్షరములు టైపు చేసిన చాలును, కావలసినది దొరకును. కిటికీకి మూయు గుర్తే కాని దాచు గుర్తు లేదు. ఇందుకు నేనును మొదట విసుగుకొంటిని. వంటింటి పాత్రలను కదల్పక పడసాలకు పోయినట్లు, ఆ పనిని అట్లే యుంచి ప్రక్క పనితావునకు పోవచ్చునని పిదప తెలిసినది. ఉబుంటులోను గ్నోమే యున్నను, వరుస ఎడమప్రక్క నుండును, దాచు గుర్తును ఉండును.

"సి డ్రైవు ఎక్కడ?" అని రెండవ జాబు. అది లేదు. ఫైల్స్ తెరచిన హోము అను మీ సొంత చోటు కనబడును. పెన్‌డ్రైవు పెట్టగా దాని పేరు ఎడమ పట్టీలో చేరును. పీకుటకు ముందు ఆ పేరు ప్రక్కనున్న గుర్తును నొక్కవలెను. లేనిచో వ్రాసినది సగమే చేరవచ్చును.

సెట్టింగ్సులో కీబోర్డు భాగమున తెలుగును చేర్చుకొని, సూపర్, స్పేసు మీటలు కలిపి నొక్కిన భాష మారును. స్వచ్ఛందముగా పాటుపడినవారి చలువవలన మెనూలును తెలుగున లభించును. ఫైలును దస్త్రమనిరి, పిల్లలకు క్రొత్తగా తోచినను, అది మన కచేరీల పాతమాటయే.

ఒక హెచ్చరిక. స్థాపించునపుడు డిస్కునంతయు తుడిచివేయు మార్గమును ఎన్నుకొన్నచో పాతదేమియు మిగులదు. ముందుగా పెన్‌డ్రైవునుండియే నడిపి చూడవచ్చును. మిత్రుడు తొందరపడి ఒక యంత్రముననున్న ప్రశ్నపత్రములను పోగొట్టుకొనెను. నాలుగవదానికి జ్ఞాపకశక్తి రెండు జీబీలే. గ్నోము నత్తనడక నడచెను. దానికి తేలికయగు ఎక్స్‌ఎఫ్‌సీఈని పెట్టవలసివచ్చినది. ఇప్పుడు ఐదవ తరగతి పిల్లలు దానిమీదనే తమ ఊరి పేరు టైపు చేయుచున్నారు.