ముగ్గురు హెన్రీలు, ఒకే సింహాసనం: '4' నంబర్ ఎవరికి?

మా బీటెక్ క్లాసులో ముగ్గురు సాయికిరణ్‌లు ఉండేవాళ్ళు. ఒకడు పొడుగు సాయి, ఒకడు బైక్ సాయి, మూడోవాడు పాపం ఉత్త సాయి. ఒకసారి ల్యాబ్ ఎగ్జామ్‌లో బైక్ సాయి మార్కులు ఉత్త సాయికి పడిపోయాయి. వాడు ఇప్పటికీ తిరిగివ్వలేదు, అది వేరే సంగతి.

ఇదే గోల ఒక దేశం మొత్తానికి వస్తే ఎలా ఉంటుంది? ఫ్రాన్స్‌లో 1580లలో వచ్చింది. దానికి చరిత్రలో పేరే 'ముగ్గురు హెన్రీల యుద్ధం'.

ముందు మనుషుల్ని గుర్తుపెట్టుకుందాం. ఒకడు ఫ్రాన్స్ రాజు, హెన్రీ 3. నిజానికి పుట్టినప్పుడు ఈయన పేరు హెన్రీ కాదు, అలెగ్జాండర్ ఎడ్వర్డ్. తండ్రి హెన్రీ 2 పేరు తర్వాత పెట్టారు. 1573లో పోలాండ్ వాళ్ళు ఈయన్ని తమ రాజుగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది అన్న చనిపోయాడని ఫ్రాన్స్ నుంచి కబురొచ్చింది. అంతే, రాత్రికి రాత్రి అక్కడి నుంచి పారిపోయాడు. నోటీస్ పీరియడ్ లేదు, ఏమీ లేదు.

ఇంకొకడు గీజ్ డ్యూక్ హెన్రీ. కాథలిక్ లీగ్ నాయకుడు. యుద్ధంలో మొహం మీద గాయమై మచ్చ పడింది, అందుకే జనం 'మచ్చ మొహం' అని పిలిచేవాళ్ళు. పారిస్ జనానికి ఇతనంటే పిచ్చి.

ఇక నవార్ హెన్రీ. నవార్ అంటే పిరెనీస్ పర్వతాల దగ్గర చిన్న రాజ్యం. ఇతను ప్రొటెస్టెంట్. కామెడీ ఏంటంటే, నవార్ లెక్కలో ఇతను కూడా హెన్రీ 3!

అంటే ఒకే యుద్ధంలో ఇద్దరు హెన్రీ 3లు. డేటాబేస్ తెలిసినవాళ్ళకి ఒక్క మాటలో అర్థమైపోతుంది, ఇది కాంపోజిట్ కీ. పేరు, నంబర్ ఉంటే చాలదు, ఏ సింహాసనమో కూడా చెప్పాలి. నంబర్ మనిషిది కాదు, కుర్చీది.

మరి గొడవ ఎక్కడ మొదలైంది? ఫ్రాన్స్ రాజుకి పిల్లల్లేరు. 1584లో తమ్ముడు కూడా చనిపోయాడు. ఆడవాళ్ళ వైపు నుంచి వారసత్వం వాళ్ళు ఒప్పుకోరు. మగవాళ్ళ లైన్ పట్టుకుని వెనక్కి వెళ్తే, మూడొందల ఏళ్ళ కిందటి రాజు లూయీ 9 దగ్గర కలిసే దూరపు చుట్టం ఒకడు తేలాడు. ఎవరు? నవార్ హెన్రీ. పైగా రాజుగారి సొంత చెల్లెలి మొగుడు.

ఆ పెళ్ళి సంగతి చెప్పాలి. 1572 ఆగస్టు 18న పారిస్‌లో జరిగింది. ప్రొటెస్టెంట్ పెద్దలంతా పెళ్ళికొచ్చారు. ఆరు రోజులకే ఊచకోత మొదలైంది, వేలమంది చచ్చిపోయారు. పెళ్ళికొడుకు మతం మార్చుకుని ప్రాణం దక్కించుకున్నాడు, తర్వాత తప్పించుకుని మళ్ళీ పాత మతంలోకి వెళ్ళాడు. అలాంటివాడు ఇప్పుడు కాబోయే రాజు అంటే కాథలిక్ లీగ్ ఊరుకుంటుందా?

1588 మే 12న పారిస్ జనం గీజ్ కోసం వీధుల్లోకొచ్చారు. పీపాల్లో మట్టి నింపి దారులు మూసేశారు. బారికేడ్ అన్న మాట ఫ్రెంచ్‌లో పీపాకి ఉన్న పేరు నుంచే వచ్చింది. రాజు తన రాజధాని వదిలి పారిపోయాడు. అదే డిసెంబర్ 23న బ్ల్వా కోటలో, మాట్లాడాలి రమ్మని గీజ్‌ని పిలిపించి, అంగరక్షకులతో పొడిపించేశాడు. ఒక హెన్రీ అయిపోయాడు.

లీగ్ భగ్గుమంది. దిక్కులేక రాజు నవార్ హెన్రీతోనే చేయి కలిపాడు. ఇద్దరు హెన్రీ 3లూ కలిసి పారిస్ మీదికి వచ్చారు. 1589 ఆగస్టు 1న జాక్ క్లెమాన్ అనే సన్యాసి ఉత్తరం ఇస్తానని దగ్గరికొచ్చి రాజుని కత్తితో పొడిచాడు. మర్నాడు చనిపోతూ రాజు, నా తర్వాత నవార్ హెన్రీయే అని చెప్పి పోయాడు.

ఇప్పుడు నవార్ హెన్రీ 3 కాస్తా ఫ్రాన్స్ హెన్రీ 4 కావాలి. కానీ లీగ్ ఏం చేసిందంటే, నవార్ హెన్రీకి సొంత బాబాయి అయిన ఒక ముసలి కార్డినల్‌ని చార్లెస్ 10 అని ప్రకటించేసింది. ఆయనేమో అప్పటికే ఖైదులో ఉన్నాడు! అయినా ఆయన పేరు మీద నాణేలు కొట్టారు. 1590లో ఖైదులోనే పోయాడు.

హెన్రీ మాత్రం ఏళ్ళతరబడి యుద్ధం చేశాడు. పారిస్ లొంగలేదు. చివరికి 1593లో మళ్ళీ కాథలిక్ అయ్యాడు. 1594లో షార్త్ర్‌లో పట్టాభిషేకం. మామూలుగా అది రీమ్స్‌లో జరగాలి, కానీ ఆ ఊరు ఇంకా లీగ్ చేతిలో ఉంది. 1598లో నాంత్ శాసనంతో ప్రొటెస్టెంట్లకి హక్కులిచ్చాడు. నాకు ఈయన నచ్చేది ఇక్కడే. రెండు వైపులా ఉండి చూసినవాడు కదా. 1610 మే 14న పారిస్ వీధిలో బండి ఆగినప్పుడు ఒకడు ఎక్కి పొడిచి చంపాడు. ముగ్గురు హెన్రీలూ కత్తికే పోయారు.

మరి ఆ కార్డినల్ నంబర్ ఏమైంది? 1824లో హెన్రీ 4 వంశంవాడే ఒకడు రాజై, చార్లెస్ 10 అని పెట్టుకున్నాడు. అంటే బాబాయిగారి రికార్డ్ డిలీట్! నాణేలు మాత్రం మిగిలాయి.

ఇదే కుటుంబం ఇంకోచోట దీనికి రివర్స్ చేసింది. 1793లో లూయీ 16 తల నరికేశారు. ఏడేళ్ళ కొడుకు జైల్లో ఉన్నాడు. 1795లో, పదేళ్ళ వయసులో అక్కడే చనిపోయాడు. ఒక్కరోజు కూడా సింహాసనం ఎక్కలేదు. 1814లో వాళ్ళ బాబాయి రాజైనప్పుడు, పేరు లూయీ 17 అని పెట్టుకోలేదు, 18 అని పెట్టుకున్నాడు. 17 ఆ పిల్లాడిది.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.