యుద్ధనౌకలకు చమురు పోసే కిరాయి ఓడలు
(నార్పోలిలో మన సంఘం జరిపిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం, పచ్చడి ప్రసాదం అయిన తర్వాత ఏ కవిత్వాన్ని గురించో మాట్లాడటం మన ఆనవాయితీ. కాని కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఓడల మీద పనిచేసి వచ్చినవారు గదా, ఓడల సంగతే చెప్పండి" అన్నారు. నార్పోలిలో సముద్రం కనబడదు. సాంచాల చప్పుడులో దాని హోరు వినబడదు కూడా. అయినా నేను చెప్పబోయేది మీకు తెలియని సంగతేమీ కాదు.

సాంచా మీద పడుగు ఎంత పొడుగున్నా, నాడెలో కండె అయిపోయిందంటే గుడ్డ అక్కడికి ఆగవలసిందే. యుద్ధనౌక సంగతీ అంతే. ఫిరంగులు, క్షిపణులు ఎన్ని ఉన్నా చమురు లేకపోతే అది నీళ్ళమీద తేలే ఇనుము. నడిసముద్రంలో ఎవరో ఒకరు కండె తెచ్చి అందించాలి. ఆ అందించేవాడు చాలాసార్లు నౌకాదళం మనిషి కాడు. వర్తకుల ట్యాంకరులో జీతానికి పనిచేసే మామూలు నావికుడు.

ఎమ్డెన్ పేరు మీ తాతలు చెప్పగా వినే ఉంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఈ జర్మను నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ చమురు టాంకులు తగలబెట్టింది. మద్రాసు అప్పుడు మన తెలుగువాళ్ళకు కూడా రాజధాని. జనం మూటాముల్లె కట్టుకుని ఊళ్ళు పట్టారు. ఎమ్డెన్ కథ చెప్పేవాళ్ళు దాని వెంట తిరిగిన మార్కోమానియా పేరు చెప్పరు. అది హాంబర్గు–అమెరికా కంపెనీవారి వర్తక నౌక. అవి బొగ్గు రోజులు. ఎమ్డెన్‌కు బొగ్గు మోసింది అదే. అక్టోబరు 12న బ్రిటిషువారు మార్కోమానియాను ముంచారు. నవంబరు 9న ఎమ్డెన్ పని కూడా అయిపోయింది.

బొగ్గు పోయి చమురు వచ్చింది, కిరాయి పద్ధతి మాత్రం పోలేదు. మన ఆసామి సేఠు దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేసి ఇస్తాడు. ఇదీ ఇంచుమించు అలాంటి బేరమే. ఓడ, కెప్టెను, పనివాళ్ళు కంపెనీవారివి. రోజుకింత అని కిరాయి ఇచ్చేదీ, ఎక్కడికి పోవాలో చెప్పేదీ, ఇంజనుకు కావలసిన చమురు ఖర్చు పెట్టుకునేదీ ప్రభుత్వం. మరొక పద్ధతిలో వట్టి ఓడనే తీసుకుని మనుషులను తామే పెట్టుకుంటారు. ఎప్పుడో అవసరపడే ఓడను సొంతంగా కట్టి రేవులో నిలబెట్టుకోవడం కంటె ఇది చౌక. ఒక్కటే తేడా. సేఠు గుడ్డ నేసినందుకు మన సాంచా మీద ఎవరూ బాంబు వేయరు. శత్రువు నౌకాదళానికి చమురు పోసే వర్తక నౌకను కొట్టడం యుద్ధ ధర్మం ప్రకారం తప్పు కాదు.

నౌకాదళం సొంత ట్యాంకరైతే యుద్ధనౌకతో పక్కపక్కనే, యాభై గజాల ఎడంలో, ఒకే వేగంతో నడుస్తూ తీగ మీద గొట్టం వేలాడదీసి చమురు పోస్తుంది. వర్తక ట్యాంకరుకు ఆ సరంజామా ఉండదు. కనుక వెనుకవైపు నుంచి పొడుగాటి గొట్టం నీళ్ళమీదికి వదులుతుంది. వెనుక వచ్చే నౌక దానిని అందుకోవాలి. ఇది గంటల తరబడి పని. అంతసేపూ రెండు నౌకలూ చటుక్కున పక్కకు తిరగడానికి వీలులేదు.

1982లో ఫాక్లండ్ దీవుల కోసం బ్రిటన్ 8,000 మైళ్ళ దూరం నౌకాదళాన్ని పంపవలసివచ్చింది. నలభైకి పైగా వర్తక నౌకలను తీసుకున్నారు. వాటిలో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ ట్యాంకర్లు చాలా ఉన్నాయి. అవి చమురు మోసుకెళ్ళి అట్లాంటిక్‌లో నౌకాదళపు ట్యాంకర్లలో నింపి, మళ్ళీ నింపుకురావడానికి వెనుదిరిగేవి. షెఫీల్డ్ అనే యుద్ధనౌక క్షిపణి దెబ్బతిన్నప్పుడు, బతికి బయటపడినవారిని అసెన్షన్ ద్వీపానికి చేర్చింది బ్రిటిష్ ఎస్క్ అనే ట్యాంకరు. మే 29న బ్రిటిష్ వై అనే ట్యాంకరు మీద అర్జెంటీనావారు సామాను మోసే విమానంలోంచి బాంబులు దొర్లించారు. ఒకటి డెక్కు మీద పడి, పేలకుండా ఎగిరి సముద్రంలో పడింది. అది పేలి ఉంటే ఏమయ్యేదో ట్యాంకరు మీద పనిచేసినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ మేము అగ్గిపెట్టె జేబులో పెట్టుకోవడానికే భయపడేవాళ్ళం.

నేను యుద్ధానికి పోయినవాణ్ణి కాదు. కాని 1987లో గల్ఫు నీళ్ళలో వర్తక ట్యాంకరు మీద ఉన్నాను. ఇరాన్, ఇరాక్‌ల యుద్ధంలో ట్యాంకర్ల మీద క్షిపణులు పడుతున్న రోజులవి. మా అమ్మ ఇక్కడ కండెలు చుట్టుకుంటూ, వార్తల వేళకు రేడియో కట్టేసేదట. కట్టేసి, పక్కింటివాళ్ళ రేడియో వైపు చెవి పెట్టేదట. నా కొడుకు సిపాయి కాదు గదా అని ఆమెకు ఎవరు ధైర్యం చెప్పినా నమ్మలేదు. ఆమే సరిగా గ్రహించిందని ఇప్పుడనిపిస్తుంది.

మన దేశపు నౌకాదళం తన చమురు నౌకలకు పోషక్, దీపక్, శక్తి, జ్యోతి, ఆదిత్య అని మంచి పేర్లు పెట్టుకుంది. 1971 డిసెంబరులో కరాచీ మీదికి పోయిన చిన్న క్షిపణి పడవల వెనుక పోషక్ ఉన్నది. మన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డుతో 2023 ఆగస్టులో ఒక్కొక్కటి 44,000 టన్నుల ఐదు సరఫరా నౌకలకు సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. తెలుగు గడ్డ మీద అలాంటి నౌకలు కట్టడం నాకు గర్వమే. సొంత నౌకలు వచ్చాక కిరాయి ఓడ అక్కరలేదా అంటే, అలా అనుకోను. ఎన్నో సొంత ట్యాంకర్లున్న అమెరికావారే, వాటిని నడిసముద్రంలో నింపడానికి వర్తక ట్యాంకర్లను కిరాయికి తీసుకుంటున్నారు.

చివరగా ఒక మనవి. బొంబాయిలో మస్జిద్ స్టేషను దగ్గర ఇండియన్ సెయిలర్స్ హోమ్ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పోయి, సమాధి కూడా లేని మన నావికుల పేర్లు అక్కడ ఒక పుస్తకంలో ఉన్నాయి. నౌకాదళంవారు సుమారు 400 మంది. వర్తక నౌకలవారు సుమారు 6,000 మంది. అటువంటి పుస్తకమే చిట్టగాంగులోనూ ఉన్నది. ఠాణాలో లోకల్ బండి ఎక్కితే గంటలో చేరవచ్చు. లోపలివారిని ముందుగా అడిగి అనుమతి తీసుకునే పని నాది. సాంచాలు ఆగే రోజు చూసుకుని, వచ్చేవారు కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి. పిల్లలను కూడా తీసుకురండి.