తట్టి ఆపే హక్కున్న పోరు

(కర్నూలు, కడప జిల్లాల యువతీ యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు నన్ను మాట్లాడమన్న విషయం చిన్నదే. మన గేరీల్లో బాక్సింగో, కుస్తీనో, జూడోనో కొన్నాళ్లు నేర్చుకొని మధ్యలో నిలిపేసినోళ్లు ఉన్నారు. కొందరు దెబ్బ తగిలి ఆపినారు. కొందరు సుగ్గికి పోయి ఆపినారు. ఆడపిల్లలు పెండ్లయి ఆపినారు. మళ్లీ బరిలోకి దిగాలని వాళ్లకుంది. ఎట్ల దిగాలి? నేరుగా గుద్దులాటకే పోవాలా, ఇంకో తోవ ఉందా? ఉంది. దాని పేరు సబ్మిషన్ గ్రాప్లింగ్. మన మాటలో చెప్పాలంటే లొంగదీసే పట్ల పోటీ.

ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. "సారూ, మన సీమలో కొట్లాటలు చాలలేదా, మళ్లీ మీరు నేర్పాలంటారా?" అని ఒక పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న. ముఠా కక్షల్లో ఎవరి కండలు వాడుకున్నారో మనకు తెలుసు. పగ ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. వేటకొడవలి మన పిల్లోని చేతికిచ్చినారు. జైలుకు పోయింది వాడే, ఆస్పత్రిలో పడింది వాడే, మట్టిలో కలిసింది వాడే. పేరు మాత్రం పెద్దిండ్లకు మిగిలింది. ఆ కొట్లాటలో ఎదుటోడు ఎవరో ఎంచుకునే హక్కు వానికి లేదు. "ఇంక చాలు" అనే హక్కు అసలే లేదు. నేను చెప్పే పోటీ దానికి తలకిందులు.

ఎట్లంటే వినండి. ఇద్దరు సరిసమానమైన బరువున్నోళ్లు పరుపు మీదికొస్తారు. గుద్దులు లేవు, తన్నులు లేవు. పట్టుకోవాలి, పడేయాలి, కింద అదిమి పెట్టాలి. మన కుస్తీలో వీపు నేలకు ఆనిస్తే, చిత్తు చేస్తే గెలుపు. ఇక్కడ అంతటితో అయిపోదు. చేతి కీలునో, కాలి కీలునో, గొంతునో పట్టులో బిగిస్తారు. పట్టులో చిక్కినోడు ఎదుటోని ఒంటి మీదనో, పరుపు మీదనో చేత్తో తడతాడు. తట్టినాడంటే ఓడినాడని లెక్క. మరుక్షణం పట్టు వదలాల్సిందే. వదలకపోతే తప్పు వదలనోడిది. మధ్యలో రెఫరీ ఉంటాడు. ఓడినోడు లేచి చేయి కలిపి నడుచుకుంటా ఇంటికి పోతాడు. ఆపే హక్కు ఓడిపోయేవాని చేతిలో ఉండే పోరు ఇది. మన తాతల కాలంలో ఇట్లాంటి హక్కు మనకెవరిచ్చినారు?

ఈ విద్య యాడ నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. జపాన్‌లో కానో జిగోరో అనే చదువుల పంతులు 1882లో జూడో మొదలుపెట్టినాడు. ఆయన శిష్య పరంపరలోని మాయెదా 1914లో బ్రెజిల్ చేరినాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్రేసీ కుటుంబం నేల మీది పట్లను ఇంకా సాన పెట్టింది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో అన్ని రకాల పోరాటగాళ్లను ఒక బరిలోకి దించినారు. ఆ రాత్రి ముగ్గురిని వరసగా లొంగదీసి గెలిచింది హోయిస్ గ్రేసీ. ఆ పొద్దు తన కన్నా బరువైనోన్ని కూడా ఆయన పట్టుతోనే గెలిచినాడు. 1998 నుంచి అబుదాబి పేరుతో ఈ పట్లకు ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జు-జిత్సు కూడా చేరింది.

ఇక మన కండ్లతో చూద్దాం. ఇది ముట్టుకునే ఆట. క్రికెట్ ముట్టుకోకుండా ఆడొచ్చు. పల్వంకర్ బాలూ సంగతి చదివినోళ్లకు తెలుసు. చర్మకార కులంలో పుట్టిన బౌలర్. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినాడు. పూనాలో ఆయన వేసిన బంతిని అందరూ పట్టుకునేవాళ్లు. టీ మాత్రం బయట, మట్టి ముంతలో పోసేవాళ్లు. కుస్తీలో అట్ల కుదరదు. మెడ మెడకు ఆనాలి, చెమట చెమటతో కలవాలి. ముట్టు అంటు చూసేవాడు మొదటి పట్టులోనే ఓడిపోతాడు. అందుకే మన పిల్లలు దిగే పరుపు మీద వేరే కులాల పిల్లలు కూడా దిగాలి. మన గేరి వరకే పెట్టుకుంటే సగం లాభమే.

కొల్హాపూర్ సాహూ మహారాజు 1902లో తన సంస్థానంలో సగం ఉద్యోగాలు వెనుకబడిన కులాలకు కేటాయించినాడు. ఆయనే ఖాస్‌బాగ్ కుస్తీ మైదానం కట్టించినాడు, అది 1912లో పూర్తయింది. 1920లో మాణగావ్ సభలో అంబేడ్కర్‌ను జనం ముందు నిలబెట్టింది కూడా ఆయనే. ఉద్యోగం, గోదా, నాయకత్వం, మూడింటినీ ఒకే మనిషి పట్టించుకున్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మళ్లీ పోరుకు తిరిగి రావడానికి ఈ తోవే ఎందుకు?

మొదటిది, తల. బాక్సింగ్‌లో దెబ్బ తిని ఆపినోడు మళ్లీ గుద్దులతోనే మొదలుపెడితే దెబ్బ మీద దెబ్బ పడుతుంది. పట్ల పోటీలో తలకు గుద్దు లేదు. పడేటప్పుడు తగిలే ప్రమాదం ఉంది, కానీ తలనే గురి పెట్టి కొట్టేవాడు లేడు.

రెండోది, కూలి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి ఎత్తే పిల్లోనికి మర్నాడు పని ఉంటుంది. మొహం వాచి, తల తిరుగుతుంటే రాయి ఎత్తలేడు. సరిగ్గా తట్టడం తెలిసినోడు పోటీ మర్నాడు పనిలో నిలబడగలడు.

మూడోది, గుండె ధైర్యం. సాధన వేరు, పోటీ వేరు. బరువు తూచుకోవడం, ముక్కూ మొహం తెలియనోనితో తలపడడం, జనం అరుస్తుంటే ఊపిరి ఆడించుకోవడం, ఒకే పొద్దు రెండు మూడు పోట్లు ఆడడం, ఇవన్నీ ఇంటి దగ్గర రావు. ఆ భయం పోగొట్టుకోవడానికి గుద్దు తినాల్సిన పని లేదు.

వినేశ్ ఫోగట్‌ను చూడండి. 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలు తిరిగి స్ట్రెచర్ మీద బయటికి తెచ్చినారు. 2018లో అదే మనిషి ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆమె పెదనాన్న బిడ్డ రీతూ ఫోగట్ కుస్తీ నుంచి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కు పోయి 2019 నవంబరులో బీజింగ్‌లో మొదటి పోరు గెలిచింది. గుద్దులు తర్వాత నేర్చుకుంది, పట్టు ముందే ఉండింది. తిరిగి రావడానికీ, ముందుకు పోవడానికీ పట్టు పునాది.

అయితే ఊరికే దిగితే కాళ్లు చేతులు విరుగుతాయి. అందుకని కొన్ని కట్టుబాట్లు చెప్తాను, రాసుకోండి.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినోళ్లు, తలనొప్పి, వాంతులు, కండ్లు తిరగడం ఉన్నోళ్లు డాక్టరు సరే అనేదాకా పరుపు ఎక్కొద్దు. మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయినోళ్లు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, ఆ పైన డాక్టరు మాటే వినాలి.

మొదట పడడం నేర్చుకోవాలి, తర్వాత తట్టడం, ఆ తర్వాతే పట్లు. తట్టడం సిగ్గు అనుకునేవాడు ఈ ఆటకు పనికిరాడు. గొంతు పట్టు సరిగ్గా పడితే పది సెకన్ల లోపలే స్పృహ పోవచ్చు. మడమను మెలితిప్పే పట్టు ఇంకా మోసకారిది. నొప్పి తెలిసేలోపే మోకాలు చెడిపోతుంది. కొత్తోళ్లకూ, చిన్నపిల్లలకూ అది వద్దే వద్దు.

బరువు తగ్గించుకోవడానికి నీళ్లు మానేయొద్దు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ పిల్లలు ఇట్లనే ఒళ్లు ఎండబెట్టుకొని నెల పైచిలుకు రోజుల్లో చనిపోయినారు. ఆ తర్వాతనే అక్కడ నియమాలు మార్చినారు. మన కర్నూలు ఎండలో ఆ పని చేస్తే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు. ఉన్న బరువులోనే ఆడండి. సాధన తెల్లారుజామునే పెట్టుకోండి.

పరుపు రోజూ కడగాలి. తామర వచ్చినోడు మానేదాకా దిగకూడదు. గోర్లు కత్తిరించుకోవాలి.

మూడు నెలలు తెలిసినోళ్లతోనే సాధన. తర్వాత చిన్న పోటీ. మొదటి పోటీలో గెలుపు లెక్క పెట్టొద్దు. భయపడకుండా ఊపిరి ఆడిందా, సరైన వేళకు తట్టినామా, మర్నాడు లేచి పనికి పోయినామా, ఈ మూడే చూసుకోండి. రెండు మూడు పోటీలు అట్ల గడిచినాక గుద్దులాటకు పోవాలా వద్దా అనేది అప్పుడు తేల్చుకోండి. పట్లతోనే ఉండిపోయినా తక్కువేం కాదు.

ఇప్పుడు కార్యకర్తలకు ఒక మాట. 1952లో హెల్సింకీకి పోవడానికి ఖాశాబా జాదవ్ దగ్గర డబ్బుల్లేవు. ఆయన చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేలిచ్చినాడు. స్వతంత్ర భారతానికి మొట్టమొదటి సొంత పతకం, కంచుది, అట్ల వచ్చింది. అక్కడ కూడా జపాన్ ఆటగానితో తలపడిన వెంటనే సోవియట్ ఆటగానితో దిగమన్నారు. మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వాలని నియమం. అడగడానికి మన అధికారి ఒక్కడూ అక్కడ లేడు. ఆ పోరు ఆయన ఓడిపోయినాడు. అందుకని చెప్తున్నాను, పిల్లలను ఒంటరిగా పంపొద్దు. నియమాల పుస్తకం చదివిన మనిషి ఒకరు పక్కన ఉండాల. అక్షరం వచ్చినోళ్ల పని అదే.

ఆడపిల్లలకు ఆడ శిక్షకురాలు ఉండాల. లేకపోతే కనీసం ఇంటి మనిషో, సంఘం అక్కో కూర్చోవాల. 2023లో దేశంలోని పెద్ద పెద్ద కుస్తీ ఆడబిడ్డలే తమ సమాఖ్య అధ్యక్షుని మీద లైంగిక వేధింపుల ఫిర్యాదుతో ఢిల్లీ రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. పతకాలున్నోళ్లకే అట్ల ఉంటే మన పిల్లల గతి ఆలోచించండి.

పోటీకి ఏ ముఠా నాయకుని డబ్బూ తీసుకోవద్దు. పందెం కాయనీయొద్దు. ఎవరి ఫోటో బ్యానరెక్కితే పిల్లలు వాని మనుషులే అవుతారు. మళ్లీ పాత కథే.

ఉద్యోగాల మాట కూడా దాచను. ప్రతి పోటీ సర్టిఫికెట్టూ క్రీడా కోటాకు పనికిరాదు. గుర్తింపున్న సంఘం పోటీనా కాదా అని ఫీజు కట్టకముందే అడగండి. కుస్తీ, జూడో బడి స్థాయి నుంచే ఉన్నాయి. చదువుకునే పిల్లలను ముందు అందులో చేర్పించండి. మన పక్క అనంతపురంలో ఆర్డీటీ వాళ్లు పల్లె పిల్లలకు జూడో నేర్పినారు, పోయి చూసి రండి.

పరుపు కొనే స్తోమత లేకపోతే మెత్తని మట్టి జల్లించి గోదా తవ్వుకోండి. ఇంత బండ మోసినోళ్లకు అది పెద్ద పని కాదు. ఊరికి ఒక గోదా, మండలానికి నియమాలు తెలిసిన ఇద్దరు మనుషులు, వాళ్లలో ఒకరు ఆడమనిషి. ఆపేసిన పిల్లల ఇండ్లకు మీరే పోయి పిలవండి. "దెబ్బ మానిందా, డాక్టరేమన్నాడు, మళ్లీ వస్తావా" అని అడగండి. అడిగేవాళ్లు లేకనే చాలామంది రాకుండా ఉన్నారు.

ఇంతవరకు ఇంకొకరి కోసం, ఇంకొకరు చెప్పిన చోట, ఆపే వీలు లేకుండా కొట్లాడినాం. ఇప్పుడు మన కోసం, సమానమైనోనితో, మనం చాలన్నప్పుడు ఆగే పోరు నేర్చుకుందాం.

జై భీమ్.