లైబ్రరీ గుమ్మం దాటడానికి నాలుగు మాటలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

మేము డిప్లొమా చదివి సైటు మీద సూపర్‌వైజర్లుగా పనిచేసేవాళ్ళం. భాషా పండితులం కాదు. మాకొచ్చిన అరబిక్ అంతా సైటులో, బస్సులో, టైపింగ్ సెంటర్ బల్ల ముందు నేర్చుకున్నదే. లైబ్రరీకి వెళ్ళినప్పుడు పనికొచ్చే మాటలు చెప్పమన్నారు. "డ్యూటీ చేసి రూముకొచ్చి వండుకు తినేసరికే కళ్ళు మూతలు పడతాయి, మనకు లైబ్రరీ ఎందుకన్నా?" అని మీలో కొందరు అనుకుంటున్నారు. దానికి జవాబు ముందు చెప్పుకుందాం.

మాకు తెలిసిన ఒక తమ్ముడు సెలవు మీద ఇంటికి పోవాలని ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. పైన అరబిక్‌లో ఉన్న మాట "ఇస్తిఖాలా". అంటే రాజీనామా. అతను అనుకున్నది "ఇజాజా". అంటే సెలవు. ఆ రెండు మాటల తేడా తెలిసేసరికి ఉద్యోగం పోయింది. చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంది. ఎవరిది తప్పు అన్న లెక్క ఇక్కడ తియ్యడం లేదు. ఒక్క మాట చదవడం రాకపోతే ఎంత పోతుందో చెబుతున్నాం.

2016 నుంచి ఈ దేశంలో ఉద్యోగం ఆఫర్ లెటర్ అరబిక్‌లో, ఇంగ్లీషులో, వాటితో పాటు పనివాడికి అర్థమయ్యే మూడో భాషలో ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. అప్పుడు ప్రకటించిన భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి. తెలుగు లేదు. కాబట్టి మనలో చాలామంది తమ కాగితాన్ని ఇంకొకరి నోటితోనే చదివించుకుంటున్నారు. పైగా అరబిక్‌కూ మిగతా భాషకూ తేడా వస్తే చెల్లేది అరబిక్‌లో ఉన్నదే. అందుకే నాలుగు అక్షరాలు నేర్చుకోవాలి. డబ్బు ఖర్చు లేకుండా, ఏసీలో కూర్చుని, ఎవరూ తొందరపెట్టకుండా నేర్చుకోగలిగే చోటు లైబ్రరీ.

ఎక్కడున్నాయి? దుబాయిలో పాతది దేరా వైపు అల్ రాస్‌లో 1963లో పెట్టింది. పెద్దది అల్ జద్దాఫ్‌లో క్రీక్ ఒడ్డున ఉన్న మహమ్మద్ బిన్ రాషిద్ లైబ్రరీ. 2022 జూన్‌లో తెరిచారు. ఏడు అంతస్తులు. ఖురాన్ పెట్టి చదువుకునే చెక్కపీటను "రెహ్ల్" అంటారు, ఆ ఆకారంలో కట్టారు. బయట నుంచి చూసి "షట్టరింగ్ ఎట్లా కొట్టారో" అనుకుని ఫోటో తీసుకుని వచ్చేస్తున్నాం. లోపలికి కూడా వెళ్దాం. షార్జాలో పబ్లిక్ లైబ్రరీ 1925లో మొదలైంది. 2019 సంవత్సరానికి యునెస్కో షార్జాను ప్రపంచ పుస్తక రాజధానిగా ఎంచింది. దాని గుర్తుగా కట్టిన "బైత్ అల్ హిక్మా", అంటే జ్ఞాన గృహం, 2020 డిసెంబరులో తెరుచుకుంది. వెళ్ళేముందు వేళలు, పేరు నమోదు సంగతి ఫోనులో చూసుకోండి. ఐడీ కార్డు జేబులో పెట్టుకోండి.

ఇక మాటలు. భయపడకండి, సగం మీకు వచ్చినవే. కితాబు, కలం, జవాబు, తారీఖు, హాజరు, ఖాళీ, నకలు, అసలు, వసూలు, దుకాణం, కుర్చీ: ఇవన్నీ అరబిక్ నుంచి మన ఊళ్ళకు వచ్చిన మాటలే. నిజామాబాద్, జగిత్యాల అన్నలకు ఇంకా ఎక్కువ తెలుసు.

ఒక చిక్కు ముందే చెబుతాం. "మక్తబ్" అంటే ఆఫీసు. "మక్తబా" అంటే లైబ్రరీ. పుస్తకాల షాపును కూడా మక్తబా అంటారు. చివర దీర్ఘం మరిచి టాక్సీవాడికి మక్తబ్ అని చెబితే ఏదో ఆఫీసు ముందు దింపుతాడు. కితాబ్, మక్తబ్, మక్తబా, రాసేవాడు కాతిబ్, రాసి ఉన్నది మక్తూబ్: అన్నిటిలోనూ క, త, బ అక్షరాలే ఉన్నాయి చూడండి. ఒక వేరు పట్టుకుంటే ఐదు మాటలు చేతికొస్తాయి.

దారి అడగాలంటే: "లౌ సమహ్త్, వేన్ అల్ మక్తబా?" దయచేసి, లైబ్రరీ ఎక్కడ? ఆడవాళ్ళను అడిగేటప్పుడు "లౌ సమహ్తి" అనాలి.

లోపలికి వెళ్ళగానే: "అస్సలాము అలైకుమ్." సలాం చెప్పినవాణ్ణి ఎవరూ కసురుకోరు.

డబ్బు కట్టాలా అని: "మజ్జానీ?" ఉచితమేనా?

కూర్చోవచ్చా అని: "ముమ్కిన్ అగ్అద్ హినీ?" ముమ్కిన్ అంటే వీలవుతుందా అని.

పుస్తకం కావాలంటే: "అబ్గీ కితాబ్." హిందీ పుస్తకాలు ఉన్నాయా అంటే: "ఫీ కుతుబ్ బిల్ హిందీ?" కుతుబ్ అంటే పుస్తకాలు.

మూసేది ఎప్పుడంటే: "మతా యసక్కిర్?"

అర్థం కాకపోతే: "మా ఫహమ్త్. శ్వై శ్వై." అర్థం కాలేదు, మెల్లగా చెప్పండి. సైటులో మనం "మాఫీ మాలూమ్" అంటాం. అది సైటులో నడుస్తుంది. కౌంటర్ దగ్గర ఇది మర్యాద.

వచ్చేటప్పుడు: "షుక్రన్." వాళ్ళు "అఫ్వన్" అంటారు.

బోర్డుల మీద చూడాల్సినవి: "దుఖూల్" లోపలికి, "ఖురూజ్" బయటికి, "మఫ్తూహ్" తెరిచి ఉంది, "ముగ్లక్" మూసి ఉంది, "హుదూ" నిశ్శబ్దం, "మమ్నూ" చెయ్యకూడదు. చివరి మాట సైటు గేటు మీద రోజూ చూసేదే.

లోపల కూర్చున్నాక మొదటి రోజే ఐదు మాటలు కాగితం మీద రాసుకోండి: "అఖద్" ఒప్పందం, "రాతిబ్" జీతం, "తౌఖీ" సంతకం, "ఇజాజా", "ఇస్తిఖాలా". కుడి నుంచి ఎడమకు చదవాలి. అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి. అరబిక్ అంకెల్లో మన సున్నాలా ఉండేది ఐదు, సున్నా అంటే ఒక చుక్క. జీతం దగ్గర ఈ తేడా తెలియాలి.

కొరియా కంపెనీల కింద పనిచేసే తమ్ముళ్ళు "మాకేం చెప్పరా?" అన్నారు. బరాకా అణు విద్యుత్ కేంద్రం నాలుగు యూనిట్లనూ కట్టింది కొరియావాళ్ళే. వాళ్ళ భాషలో లైబ్రరీ "తొసొగ్వాన్", పుస్తకం "ఛెక్". "ఇ ఛెక్ ఒది ఇస్సొయో?" అంటే "ఈ పుస్తకం ఎక్కడ ఉంది?" మాట వరస అచ్చం మనదే, మన "ఈ" వాళ్ళకూ "ఇ"నే. "పిల్లిల్ సు ఇస్సొయో?" అంటే అరువు తీసుకోవచ్చా అని. "కమ్‌సాహమ్నిదా" అంటే కృతజ్ఞతలు. కొరియా ఇంజనీరుకు ఇది ఒక్కసారి చెప్పి చూడండి, మీ పేరు గుర్తుపెట్టుకుంటాడు.

లైబ్రరీ చదువుకున్న దొరలదని మనలో ఒక జంకు ఉంది. అది మన చరిత్ర కాదు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు మనవాళ్ళు. వట్టికోట ఆళ్వారుస్వామి వంటపని చేశాడు, హోటల్లో సర్వర్‌గా చేశాడు. ఆయనే నిజాం కాలంలో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు జనానికి చేర్చాడు. ఎంగిలి ప్లేట్లు ఎత్తిన చెయ్యి ఆ పని చెయ్యగలిగితే, ఇటుకలు ఎత్తే చెయ్యి ఒక పుస్తకం ఎత్తలేదా?

చివరగా మూడు పనులు చేద్దాం. ఒకటి, నెలకు ఒక సెలవు రోజు నలుగురు కలిసి లైబ్రరీకి వెళ్దాం. ఒక్కడే వెళ్తే గార్డును చూసి వెనక్కి తిరిగే మనసు, నలుగురుంటే తిరగదు. రెండు, అక్కడ తెలుగు పుస్తకం ఉందా అని అడుగుదాం: "ఫీ కుతుబ్ బిత్ తెలుగూ?" లేదన్నా సరే, మళ్ళీ నెల అడుగుదాం. నవంబరులో షార్జా పుస్తకాల పండుగకు వెళ్ళి మలయాళం పుస్తకాల దుకాణాల ముందు గుంపు చూడండి. అడిగేవాళ్ళుంటేనే భాష అరల్లోకి వస్తుంది. మూడు, చదవలేని కాగితం మీద ఎంత తొందరపెట్టినా సంతకం వద్దు. "బుక్రా", రేపు అని చెప్పి ఫోటో తీసుకుని, చదవగలిగినవాడికి చూపించండి. ఎవరూ దొరక్కపోతే భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను 800 46342 ఉంది.

మొదటి జట్టు వచ్చే సెలవు రోజే బయలుదేరుతుంది. పేర్లు ఇవ్వాలనుకున్నవాళ్ళు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.